తెలిసిన రక్తం

మా ఇంటి రక్తం ఉక్కు. మా నాన్న తొంభై ఏళ్లకు కూడా బావిలో దూకి ఈదాడు. మా వంశంలో దవాఖాన గడప తొక్కినవాడే లేడు. శంషాబాద్‌లో ఈ మాట నా నోట విననివాళ్లు తక్కువ. అందుకే, ఎయిర్‌పోర్టు చెకిన్ కౌంటర్లో పనిచేసే మా బిడ్డ మంజుల డ్యూటీ నుంచి వచ్చి, "బాపు, ఎడమ కంట్ల పొగ కమ్మినట్టుంది. కన్ను తిప్పితే నొస్తుంది" అన్న రోజు నేను నవ్వాను.

"ఆ లైట్లు చూసి చూసి గట్లయింది. జర పండుకో, పోతది."

పోలేదు. కొన్నాళ్లకు కుడికాలు మొద్దుబారింది. చెప్పు జారిపోయినా ఆమెకు తెలియలేదు. ఎమ్మారై తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. న్యూరాలజీ డాక్టరమ్మ చెప్పింది: "మల్టిపుల్ స్క్లెరోసిస్. ఎం.ఎస్. అంటాం. మనల్ని కాపాడాల్సిన ఇమ్యూన్ సిస్టమే నరాల మీది పొరను దెబ్బతీస్తోంది. మీ కుటుంబంలో ఎవరికైనా ఇలాంటిది ఉందా?"

"మా ఇంట్లనా? తుమ్ము గూడ రాదు" అన్నాను.

మా ఆవిడ లక్ష్మమ్మ ఊరుకోలేదు. "నీ చెల్లె గోడ పట్టుకొని నడిచింది యాది లేదా?"

ఒప్పుకోక తప్పదు. మా నాన్న ఈత డెబ్బై లోపే ఆగిపోయింది. మామిడిపల్లిలో ఇచ్చిన మా చెల్లికి చిన్న వయసులోనే చూపు మసకబారి, కాళ్లు తడబడేవి. గాలి సోకిందనుకున్నాం. ఆమె పోయాక, ఆమె కొడుకు శ్రీనుకే మంజులను ఇచ్చాం. బయటి సంబంధమైతే వాళ్లింటి జబ్బులు ఆరా తీస్తాం. మేనరికం కదా, తెలిసిన రక్తమని ఎవరమూ ఏమీ అడగలేదు.

స్టెరాయిడ్ ఎక్కించాక చూపు తేరుకుంది. రోజూ మాత్రలు మొదలయ్యాయి. కుదుటపడిందనుకునే సరికి మళ్లీ కాలు పడిపోయింది. ఆరా తీస్తే, మంజుల ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది.

"నాకు బిడ్డ కావాలె మేడం" అంది డాక్టరమ్మతో. "మా ఆయన మా మేనత్త కొడుకే. పుట్టేటోళ్లకు గూడ ఇది వస్తదా?"

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది:

"మీ మేనత్తది ఎం.ఎస్. అవునో కాదో ఇప్పుడు చెప్పలేం. ఇమ్యూన్ సిస్టమ్‌కు సంబంధించి హెచ్.ఎల్.ఎ. జీన్స్ అని ఉంటాయి. వాటిలో కొన్ని రకాలుంటే రిస్క్ పెరుగుతుంది. అవి ఉన్నా చాలామందికి జబ్బు రాదు. ఇంకా ఎన్నో జీన్స్ ఉన్నాయి, తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తాయి. దగ్గరి సంబంధం కాబట్టి రిస్క్ కొంత ఎక్కువ కావచ్చు. అయినా ఎం.ఎస్. ఉన్న తల్లుల పిల్లల్లో ఎక్కువమందికి ఇది రాదు. బిడ్డ కోసం మందు మార్చి ప్లాన్ చేద్దాం. చెప్పకుండా మాత్రం మానేయకండి."

మందు మార్చారు. ఇప్పుడు మంజుల కూర్చుని చేసే డ్యూటీకి వెళ్తోంది. ఎండ ముదిరితే కాలు బరువెక్కుతుంది. డాక్టరమ్మ సరేనన్నాక తనూ శ్రీనూ బిడ్డ కోసం చూస్తున్నారు. నా సలహా ఒక్కటే: సంబంధం బయటిదైనా ఇంటిదైనా, మీ వాళ్లలో ఎవరికి ఏ జబ్బు ఉండేదో పెద్దవాళ్లను అడిగి, డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంతవరకు రాసి, చివర "ఈ జబ్బు నా రక్తంలోంచే నా బిడ్డకు వచ్చింది, దోషమంతా నాదే" అని చేర్చి మంజులకు చదివి వినిపించాను.

"ఆపు బాపు. రోగం గూడ నీదేనంటవేంది? అమ్మ నుంచి నాకేం రాలేదా? ఒక్కరి నుంచే వచ్చిందని డాక్టరమ్మ అననే లేదు. రేపు నా బిడ్డకు గిట్ల చెప్పినవంటే ఊకోను."