తప్పు లేని పేజీ

1986. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక మేడ మీద రెండు గదుల్లో మా బ్లాక్ మేకింగ్ యూనిట్ ఉండేది. ఆఫ్‌సెట్ యంత్రాలు ఊళ్లోకి వచ్చేస్తున్నాయి, మా పని తగ్గుతోంది. పెళ్లి కార్డుల మీద వినాయకుళ్లు, బీడీ కట్టల లేబుళ్లు, మందుల దుకాణాల గుర్తులు, ఇవే మాకు మిగిలిన గిరాకీ. బొమ్మను ప్రాసెస్ కెమెరాతో నెగటివ్ తీసి, దాన్ని జింక్ రేకు మీదికి ఎక్కించి, యాసిడ్‌లో వేస్తే అచ్చుకు పనికొచ్చే బ్లాక్ తయారవుతుంది. ఇందులో నాది రీటచింగ్, అంటే నెగటివ్ మీద దుమ్ము వల్ల పడ్డ చుక్కల్ని సన్నని కుంచెతో మూసేయడం. ఏళ్ల తరబడి లూప్‌లో, అదే కంటికి ఆనించుకునే భూతద్దంలో, ఇతరుల గీతల్లో లోపాలు వెతికాను. ఆ పని చేసేవాళ్లకు మనుషుల మీద కూడా నమ్మకం ఒక పట్టాన కుదరదు. మా ఇంట్లో నన్ను సీఐడీ అనేవారు. నేనేమీ నొచ్చుకునేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం సామ్యేల్ అనే ఆయన వచ్చాడు. డోర్నకల్ జంక్షన్‌లో రైల్వే ఉద్యోగి, నలభై దాటిన మనిషి. రెండు అట్టల మధ్య కట్టిన కాగితమేదో చంకలో పెట్టుకుని లోపలికి వస్తూనే తలుపు మూయబోయాడు. “తలుపు తీసే ఉండనీయండి” అన్నాను. మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

“రాజేశ్వరక్క అంటే మీరే గదా? ఇది జర చూడుండ్రి. అసలుదా, నకలా మీరే చెప్పాలె” అంటూ అట్టలు విప్పాడు.

చూడగానే గుర్తుపట్టాను. డెబ్బైల మొదట్లో మా ఊరి నుంచి ఒక పిల్లల మాసపత్రిక వచ్చేది. అందులో చంద్రమండలం మీదికి రాకెట్టులో వెళ్లి అక్కడ సేద్యం మొదలుపెట్టిన మనుషుల కథ, బొమ్మలతో, నెలనెలా వచ్చేది. రాసిందీ గీసిందీ కొమురయ్య. బ్లాకులు చేసింది మేము. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది. కొమురయ్య ఇప్పుడు శివనగర్‌లో దుకాణాల బోర్డులు రాసుకుంటున్నాడు. సామ్యేల్ తెచ్చింది రాకెట్టు దిగే పేజీ. కొమురయ్య దగ్గరే కొన్నానన్నాడు.

అచ్చయిన పుస్తకం ఉండగా, దాన్ని గీసిన కాగితం కొనుక్కునే మనిషిని నేను అంతవరకు చూడలేదు. మళ్లీ బ్లాక్ చేయించి దొంగ పుస్తకం అచ్చువేస్తాడేమో అనుకున్నాను.

“ఇది మీకెందుకు?” అని మొహం మీదే అడిగాను.

“అచ్చుల కథ కనపడ్తది అక్కా. దీంట్ల గీసిన మనిషి కనపడ్తడు” అన్నాడు. అంతరిక్షం కథల పాత ఒరిజినల్స్ మద్రాసు నుంచీ బొంబాయి నుంచీ కూడా పోగేశాడట. వేలు కాగితానికి తగలనివ్వకుండా చూపించాడు. “ఈ చుక్కలు చూడుండ్రి. పండ్లు తోముకునే బ్రష్‌ను తెల్ల రంగుల ముంచి ఇదిలిచ్చిండు. అచ్చుల సగం చుక్కలు పోయినయి. ఆకాశం మొత్తం ఈడనే ఉన్నది.”

నిజమే. ఆ చుక్కల్లో కొన్నింటిని అప్పట్లో దుమ్మనుకుని మూసేసింది నేనే కావచ్చు. అయినా పైకి ఒప్పుకోలేదు.

ఆయన అసలు బాధ వేరే ఉంది. వచ్చే నెలలో ఒక బడి హాల్లో తన దగ్గరున్న బొమ్మలన్నీ ప్రదర్శనకు పెడుతున్నాడు. తనలాంటివాళ్లు హైదరాబాద్ నుంచి కూడా వస్తున్నారు. నడిమధ్యలో ఈ పేజీ, దాని కింద కొమురయ్య పేరు. “కానీ నాకెందుకో శక్ కొడ్తాంది. ఇది నకలని తేలితే కొమురయ్య కాకను అందరి ముంగట దొంగ అని నిలబెడ్త. అసలుదైతే దండ ఏస్త. మీ మాట మీదనే ఉన్నది అక్కా.”

ఒక ముసలి మనిషి పరువు నా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది, భయం కూడా వేసింది.

లూప్ తీశాను. కాగితం ఆనాటి మందపాటి కార్డే. కొలత కూడా సరిపోయింది, అచ్చుకు ఒకటిన్నర రెట్లు. ఇండియన్ ఇంకు. కానీ నాలుగు వైపులా మార్జిన్ లేదు. మేము బ్లాక్ చేసే ప్రతి పేజీ మార్జిన్‌లో ఎంతకు తగ్గించాలో నీలం పెన్సిల్‌తో రాసేవాళ్లం, ఎందుకంటే లేత నీలం మా కెమెరాకు కనిపించదు. ఆ రాత ఉండాల్సిన చోటే కోసేశారు.

“చెదలు తిన్నదట, అందుకే కోసిండట” అన్నాడు సామ్యేల్.

“చెదలు నాలుగు దిక్కుల స్కేలు పెట్టుకోని తింటయా?” అన్నాను.

ఆయన సంచిలోంచి అచ్చయిన సంచిక తీసి పక్కన పెట్టాడు. రెండూ చూశాను. అచ్చులో రాకెట్టు నీడ ఎడమకు పడింది, దాని పక్కన నిలబడ్డ మనిషి నీడ కుడికి పడింది. ఈ పేజీలో రెండు నీడలూ ఎడమకే ఉన్నాయి.

ఆ తప్పు నాకు బాగా గుర్తుంది. అప్పట్లో నెగటివ్‌లోనే పట్టుకుని మా ఓనరుకు చెప్పాను. “వచ్చింది వచ్చినట్టు చెయ్, మనకెందుకు” అన్నాడు. సంచిక బయటికి వచ్చాక బడిపిల్ల ఒకామె పత్రికకు ఉత్తరం రాసింది, చంద్రుడి మీద ఇద్దరు సూర్యులుంటారా అని. నేను బ్లాకులు ఇవ్వడానికి వెళ్లిన రోజు, పత్రిక ప్రెస్సులో అందరూ అది చదివి పగలబడి నవ్వారు. కొమురయ్య అక్కడే ఉన్నాడు. తాగుతున్న చాయ్ అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

“అయితే నకలే. చూసి గీసెటోడు సక్కగ చూడలే” అన్నాడు సామ్యేల్, మొహం నల్లబడిపోయింది.

నాకు మాత్రం లెక్క కుదరలేదు. నకలు కొట్టేవాడు అచ్చు పేజీని ముందు పెట్టుకుంటాడు, నీడను కూడా ఉన్నట్టే దించుతాడు. పాత పేజీనే తర్వాత దిద్దారంటే, ఆ చోట తెల్ల రంగు పూత కనిపించాలి. పూత లేదు. ఇంకు కింద పెన్సిల్ గీతలు చూశాను. ఒకే గీతలో ట్రేస్ చేసినట్టు లేవు, వెతుక్కుంటూ వెతుక్కుంటూ వేసిన గీతలు.

“ఇది మా కెమెరా కిందికి వచ్చిన పేజీ కాదు. కానీ చెయ్యి కొమురయ్య కాకదే. పోయి అడుగుదాం పదండి” అన్నాను.

ఇద్దరం ఆటో ఎక్కాం. శివనగర్‌లో రేకుల షెడ్డు కింద కొమురయ్య ఎరువుల దుకాణానికి బోర్డు రాస్తున్నాడు. మమ్మల్ని చూశాడు, సామ్యేల్ చంకలోని అట్టలను చూశాడు. కుంచె కింద పెట్టేశాడు.

“కాకా, మార్జిన్ చెదలు తిన్నదా, కత్తెర తిన్నదా?” అన్నాడు సామ్యేల్.

కొమురయ్య చేతులకంటిన రంగు తుడుచుకున్నాడు.

“కత్తెరనే” అన్నాడు. “పత్రిక మూసినంక నా పేజీలన్ని తూకానికి అమ్మిండ్రు. కిరాణపాయన మందంగ ఉన్నయని ఉప్పు బస్తాల కింద పరిచిండు. నేను పొయ్యేసరికి రాకెట్లన్ని తడిసి ముద్దైనయి. ఇన్నేండ్లల ఒక్క మనిషన్న అడగలే. నువ్వొచ్చి, అసలు పేజీ ఉన్నదా కాకా అంటివి. ఒక్కటి గూడ లేదని చెప్ప నోరు రాలే. ఇంట్ల పాత కార్డుంటే మల్ల గీసిన. మోసమే సామ్యేలూ. నీ పైసలు నువ్వు తీస్కపో.”

“నన్ను నమ్మిచ్చి మోసం చేసినవ్ కాకా” అన్నాడు సామ్యేల్. ఆ మాట అనే హక్కు ఆయనకుంది, నేను అడ్డం వెళ్లలేదు.

కానీ నాకు ఒకటి తేలాలి. “నీడలెందుకు మార్చినవ్ కాకా? ఎట్లున్నయి అట్లనే గీస్తే అయిపోవు గదా. మార్చినందుకే దొరికినవ్.”

కొమురయ్య నన్ను విచిత్రంగా చూశాడు. “తెల్సి తెల్సి ఆ తప్పు మల్ల ఎట్ల గియ్యాలె బిడ్డా? ఉన్నదున్నట్టు గీద్దామనే కూసున్న. చెయ్యి రాలే.”

సామ్యేల్ పేజీ విప్పి బోర్డుకు ఆనించాడు. ఎడమకు పడ్డ ఆ రెండు నీడల ముందు గొంతుక్కూర్చున్నాడు. కోపం పూర్తిగా దిగలేదు, మాటలో తెలుస్తూనే ఉంది. “తక్కిన పేజీలు యాదికున్నయా?”

“అన్ని యాదికున్నయి.”

“గీయి. కత్తెర మాత్రం ముట్టకు. ఎప్పుడు గీసినవో దీని మీద గూడ రాయి, నా ముంగటనే రాయి.”

కొమురయ్య పేజీ కింద ఆ ఏడాది వేసి, “రెండోసారి గీసినది” అని రాసి సంతకం పెట్టాడు. ప్రదర్శనలో దాన్ని ఆ రాతతోనే, అచ్చయిన సంచిక పక్కన పెట్టారు.

అనుమానం నాకిప్పటికీ పోలేదు, పోవాలనీ లేదు. కొమురయ్య సామ్యేల్‌ను మోసం చేశాడన్నది నిజం. పట్టుబడే ప్రమాదం ఉన్నా ఆ ఒక్క తప్పును మళ్లీ గీయలేకపోయాడన్నదీ నిజమే. అప్పటి నుంచి ఎవరి పని నా బల్ల మీదికి వచ్చినా, ఎక్కడ తప్పిందో చూసి ఊరుకోను. ఆ మనిషికి ఏం చేయడానికి చెయ్యి రాలేదో కూడా చూస్తాను.