గులాబీ బ్లాగుల మీద నా తీర్పు

కళ్ళతో చూసిందే నిజమని మీకెవరు చెప్పారు? నాకైతే ఎవరూ చెప్పలేదు; ఆ రోజుల్లో నేనే పదిమందికీ చెబుతూ తిరిగేవాణ్ణి. బస్తరులోని కిరండూల్ ఇనుప గనుల టౌన్‌షిప్‌లో స్టోర్సు గుమాస్తాగా కొత్తగా చేరాను. గుంటూరు నుంచి రైల్లో తెచ్చుకున్న సామానులో ఒక పరుపు, ఒక కుక్కరు, బోలెడంత హేతువాదం ఉండేవి. పరుపూ కుక్కరూ గదిలోనే పడుండేవి గాని, హేతువాదాన్ని మాత్రం ఎక్కడికెళ్ళినా వెంటబెట్టుకునేవాణ్ణి. క్యాంటీనులో ఎవరైనా తుమ్ము విని ఆగిపోతే పట్టుబట్టి లేపి పంపేవాణ్ణి. కొత్త లారీకి నిమ్మకాయలు కట్టబోతే వాటితో షర్బత్తు చేసుకుందామనేవాణ్ణి. ప్రత్యక్షమే ప్రమాణం, తక్కినదంతా పుకారు అన్నది నా సిద్ధాంతం. ఆ మాటనే నా బ్లాగు నుదుటన పెద్దక్షరాలతో రాసుకున్నాను కూడా.

తెలుగువాళ్ళకి బ్లాగుల జ్వరం పట్టుకున్న కాలం అది. ఇప్పుడు బొటనవేలితో పడుకుని చేసే పనికి అప్పుడు బజారుకి నడిచి వెళ్ళి, ఇంటర్నెట్ సెంటరులో వంతు కోసం బల్ల మీద కూర్చోవాలి. సెంటరు నడిపేవాడు జగ్దల్‌పూర్ మనిషి, అందరికీ భయ్యా. అందులో మూలనున్న కంప్యూటరు నాది. (నాదంటే కొన్నానని కాదు. ఫ్యాను సరిగ్గా దాని నెత్తిన ఉండేది, ఎప్పుడు వెళ్ళినా ఖాళీగా ఉండేది. ఎందుకు ఖాళీగా ఉంటుందని హేతువాది ఒక్కసారైనా ఆలోచించాలి కదా. ఆలోచించలేదు.) నా బ్లాగుకి అక్షరాల వెనక నేలరంగు తెలుపు ఉండాలనుకున్నాను, బొమ్మలు, పూలు, మెరుపులు లేని అచ్చమైన తెలుపు. ఎందుకోగాని ఆ టెంప్లేటులో తెలుపు ఓ పట్టాన కుదరలేదు. ఒక ఆదివారమంతా కూర్చుని రంగులు అటూ ఇటూ జరిపి, చివరికి మల్లెపూవులాంటి తెలుపు సాధించాను. ఆ తర్వాత విజయవాడ పాఠకుడొకాయన ‘మీ బ్లాగు తెరిస్తే వరిచేను గట్టున నిలబడ్డట్టుంటుంది’ అని కామెంటు పెట్టాడు. నా వచనంలో అంత తాజాదనం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ పేరు మీదే టౌన్‌షిప్ తెలుగు సంఘంవాళ్ళు ఉగాదికి పెట్టిన బ్లాగుల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా వేశారు. రాతకి కొన్ని మార్కులు, రూపానికి కొన్ని. రాత సంగతి ఇద్దరం కలిసి చూడాలి: నేను, కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డు తెలుగు మాస్టారు. రూపం సంగతి నేనొక్కణ్ణే. మాస్టారికి తెర మీద చదివితే కళ్ళు నీరు కారతాయి కాబట్టి ఆయనకి అన్నీ నల్లసిరాతో అచ్చు తీసి ఇచ్చాం.

పోటీకి వచ్చినవాళ్ళలో కోంట టీచరమ్మ ఒకావిడ. వాళ్ళది కోంటలో శబరి ఒడ్డున కిరాణా దుకాణం. ఇక్కడ చిన్న బడిలో చదువు చెబుతూ, బజారులో గిన్నెల కొట్టు నడుపుకునే అన్నగారింట్లో ఉండేది. సెంటరులో నా పక్క కంప్యూటరు దగ్గర కూర్చుని ఆదివారమాదివారం రాసుకునేది. పోటీకి పేరిచ్చిన రోజున నాతో ఉన్నమాట చెప్పింది.

“మా అన్న ఒకటే మాట అన్నడు సార్. ప్రైజొస్తే రాసుకో, రాకుంటే ఆదివారం కొట్ల కూసొని గిన్నెలు అమ్ము అని.”

“మంచి రాతకి భయమేం లేదమ్మా, నేనున్నాను” అన్నాను. (నేనుండటమే భయమని ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.)

ఆవిడ రాత నిజంగా మంచిది. కోంట రేవులో పడవ దాటడం, అంగట్లో ఇప్పపువ్వు బేరం, ఒకే బేరంలో హిందీ, అక్కడి గిరిజనుల దోర్లీ, తెలుగు మూడూ వాడే వాళ్ళ నాయన. అన్నీ ఎదురుగా నిలబడి చెబుతున్నట్టుండేవి. మాస్టారు మాత్రం కాగితాలు దూరంగా పెట్టి పట్టుకున్నారు.

“ఏందీ, ఎట్లా, గట్ల. ఇది భాషేనా నాయనా?”

“మనుషులు మాట్లాడే భాష మాస్టారూ. ఇంట్లో మీరు పెరుగు గ్రాంథికంలో అడుగుతారా?”

“మా కోడలికి ఎందులో అడిగినా వినపడదులే” అన్నారాయన. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా వాదించాను. ఒక ప్రాంతం నోటిని తక్కువ చేయడం కులం చూసి మంచినీళ్ళివ్వడం లాంటిదన్నాను. ఆయన ఒప్పుకున్నారో, భోజనానికి వేళయిందో గాని ఆవిడ రాతకి అందరికంటే ఎక్కువ మార్కులు పడ్డాయి.

ఇక రూపం. మా ఊళ్ళో ఎర్రమట్టి దుమ్ము చేరని చోటు లేదు. గనిలోంచి లేచి చొక్కాల మీదికి, అన్నంలోకి, గడియారాల్లోకి వచ్చేస్తుంది. తెర మీద దుమ్ముంటే తీర్పు చెడుతుందని చేతిరుమాలు తడిపి శుభ్రంగా తుడిచి మరీ కూర్చున్నాను. ఒక్కో బ్లాగూ తెరిచాను. గులాబీ రంగు. రెండోదీ గులాబీయే. టీచరమ్మదీ గులాబీయే. ఈ టౌన్‌షిప్‌కి ఇంత గులాబీ పిచ్చి ఎక్కడిదని కంగారు కూడా పడ్డాను. (మెయిలు పేజీ కూడా గులాబీగానే కనబడేది కదా అని మీరడగొచ్చు. కనబడేది. అది ఆ కంపెనీవాళ్ళ అభిరుచి అనుకున్నాను.) తెలిసినావిడ కదా అని చూసీచూడనట్టు పోతే నా సిద్ధాంతం ఏమైపోవాలి? ‘ఇది బ్లాగా, పెళ్ళి శుభలేఖా?’ అని రాసి మార్కులు కోసేశాను.

గులాబీ లేనిది ఒక్కటే మిగిలింది. లోడింగ్ ప్లాంటులో పనిచేసే, ఊరంతా బాబాయి అని పిలిచే ఆయనది. నల్లటి నేల, బంగారు రంగు అక్షరాలు, స్పష్టంగా కనబడేవి. విషయం: వారఫలాలు. సున్నా వేద్దామని కలం ఎత్తాను. కానీ సూత్రం సూత్రమే. రూపానికి మార్కులు వేసేటప్పుడు విషయం చూడకూడదు. మొత్తం కూడితే మొదటి బహుమతి ఆయనకి వచ్చింది. ఆ వారమే ఆయన బ్లాగులో ‘సింహరాశివారికి పోటీలలో జయం, విరోధి చేతులమీదుగా సన్మానం’ అని రాసుకున్నాడు. ఆయనది సింహరాశి. విరోధిని నేను.

ఉగాది పొద్దున సంఘం హాల్లో పచ్చడి పంచాక నేనే మైకు పట్టుకుని ఫలితాలు చెప్పాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. గులాబీ వ్యామోహం మీద నాలుగు మాటలు కూడా చెప్పాను. టీచరమ్మ లేచి నిలబడింది.

“గులాబీ అని ఎవరిది చూసి చెప్పిండ్రు సార్?”

“మీదే చూశానమ్మా.”

“నాది తెల్లది.”

“తెర తుడిచి మరీ చూశాను.”

“మీరు తుడిచినా తుడవకున్నా నాది తెల్లదే. నేను పెట్టుకున్న రంగు నాకు తెల్వదా? ఏంది సార్ ఇది.”

వెనక వరసలోంచి అన్నగారు లేచాడు. “ప్రైజు రాలే, అయిపాయె. ఇంటికి పోదాం పా.”

వాదన సగంలో వదిలేయడం నాకు చేతకాదు. “రుజువు ఎదురుగా ఉంది, నడవండి” అన్నాను. హాల్లో సగంమంది చేతుల్లో పచ్చడి గ్లాసులతో నా వెనక బజారుకి వచ్చారు. భయ్యా అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. మూల కంప్యూటరులో ఆవిడ బ్లాగు తెరిచి పక్కకి జరిగాను. గులాబీ.

“నిజమే కదనే, గులాబీయే ఉంది” అన్నాడు అన్న.

ఆవిడ పక్క కంప్యూటరు దగ్గర కూర్చుని అదే బ్లాగు తెరిచింది. ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. రెంటిలో ఏది నిజమో ఇంకా తేలలేదన్నాను నేను. మూడోది తెరిచారు, తెలుపు. నాలుగోదీ తెలుపే. భయ్యా అందరి తలల మీదుగా చూసి అన్నాడు: “ఆ మానిటర్ రంగు ఖరాబై చాలా రోజులైంది సార్. ఎవరూ కూర్చోరు. మీకు పసంద్ అని ఉంచినా.”

అప్పుడు టీచరమ్మ పక్క కంప్యూటరులోనే ఇంకో చిరునామా కొట్టింది. నాది. తెరంతా చిలకాకుపచ్చ. పైన పెద్దక్షరాలతో ‘ప్రత్యక్షమే ప్రమాణం’. మూల తెర తెలుపుని గులాబీ చేస్తుంది; ఆ గులాబీని చంపడానికి నేను ఆదివారమంతా పోసిన ఆకుపచ్చ తక్కిన ప్రపంచానికంతటికీ అన్నాళ్ళూ అలాగే కనబడుతోంది.

“మా అబ్బాయింట్లో ఒకసారి చూశాను నాయనా” అన్నారు మాస్టారు. “అడుగుదామనుకున్నాను. నీ నమ్మకం నీదిలే అని ఊరుకున్నాను.”

“పచ్చకామెర్లవాడికి లోకం పచ్చగా కనబడుతుందంటారు. వీడెవడ్రా, లోకానికే వీడు పచ్చగా కనబడుతున్నాడు” అన్నాడు బాబాయి, బహుమతిగా ఇచ్చిన స్టీలు డబ్బా చంకలో పెట్టుకుని.

తీర్పు మార్చమని నేనే అడిగాను. ప్రకటించాక మార్చితే పండగపూట గొడవలవుతాయని సంఘంవాళ్ళన్నారు. డబ్బా వెనక్కివ్వడం గ్రహాలకి ఇష్టం లేదని బాబాయి అన్నాడు. నేను అన్నగారి వైపు తిరిగి, తప్పు తెరదీ నాదీ, రాతది కాదని మొదలుపెట్టాను. ఆయన వినడం లేదు. నిలబడే చదువుతున్నాడు, పెదాలు కదిలిస్తూ. చెల్లెలు రాసింది ఆయన అంతకుముందెన్నడూ చదవలేదట. ఒకచోట నవ్వాడు. కిందికి వెళ్ళాడు, మళ్ళీ పైకి వచ్చాడు.

“ఇది తప్పు రాసినవ్” అన్నాడు.

ఆవిడ మొహం వాడిపోయింది. “ఏంది?”

“నాయిన తక్కెడ ఎడమదిక్కు ఉండె అని రాసినవ్. కుడిదిక్కు ఉండె. బెల్లం డబ్బా పక్కన.”

“నువ్వు గల్లా కాడ కూసుంటివి, నీకు కుడిదిక్కు. నేను గడప మీద కూసుంటి.”

“అయితే ఆ ముచ్చట కూడా రాయి. వచ్చే ఆదివారం వచ్చి దిద్దు” అని చెప్పి గిన్నెల కొట్టు తీయడానికి వెళ్ళిపోయాడు.

నేను ఒక పొద్దంతా మాట్లాడి చేయలేనిది ఆ తక్కెడ చేసింది. ఆవిడ ఇప్పటికీ రాస్తోంది. నా బ్లాగు తెల్లగా మారుస్తానంటే అప్పట్లో వద్దంది: “అట్లనే ఉండనీయుండ్రి సార్, తెల్లగ చేస్తె మీదని గుర్తుపట్టం.” ఉంచేశాను. ఈమధ్య ఫోనులో తెరిచి చూసుకుంటే, చిలకాకుపచ్చలో నిలబడి లోకానికి చూపు నేర్పుతున్న ఆ కుర్రాడి మీద కోపం రాలేదు. వాడికి తెర తుడవడమన్నా తెలుసు. నేను ఈమధ్య అదీ మానేశాను.

మీరు మాత్రం ఒక పని చేయండి. బాగాలేదని ఒక్క చూపులో మూసేసిన రాత మీకూ ఒకటుంటుంది. పక్కవాళ్ళ ఫోను అడిగి తీసుకుని, దాన్ని ఇప్పుడే మళ్ళీ తెరవండి. ఈసారి చివరిదాకా చదవండి.