ఏ పేరు పెట్టి పిలవాలి?

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఓ చిన్న ఊళ్లో ఇరవై రెండేళ్లుగా ఆర్లీన్ హ్రూబీ బడిపిల్లల్ని రోడ్డు దాటిస్తోంది. చేతిలో కార్లు ఆపే ఎర్ర పలక ఉన్నా ఆవిడ నమ్ముకున్నది నోటినే. నూట నలభై మంది పేర్లూ కంఠతా వచ్చు. ఎవడు పరుగెత్తబోయినా పేరు పెట్టి "ఒరేయ్ డెస్మండ్!" అంటే చాలు, ఠక్కున ఆగేవాడు. ఉత్తినే "ఆగు" అంటే ఏ పిల్లాడు ఆగాడు గనక! అది పక్కవాడికని అనుకుంటాడు.

అందుకే హాలోవీన్ అంటే ఆవిడకు గుండెదడ. ఆ సాయంత్రం పిల్లలంతా మొహాలు కనబడకుండా వేషాలు కట్టి, మిఠాయిల కోసం ఇంటింటికీ తిరుగుతారు. ఎవరూ అడక్కపోయినా ఆవిడ మలుపులో కాపలా నిలబడుతుంది.

ఆ ఏడాది వారం ముందు నుంచే పోరు పెట్టింది. "కారు లైట్లకు మెరిసే పట్టీలు అంటించుకోండర్రా. ముసుగులొద్దు, మొహానికి రంగు పూసుకోండి."

"రంగయితే మీరు గుర్తుపట్టేస్తారు మిస్!" అంది తొమ్మిదేళ్ల ఒడెట్. "పట్టీ అంటిస్తే దెయ్యంలా ఉండను, సైకిల్లా ఉంటాను."

అందరూ పకపకా నవ్వారు. పట్టీలు ఆవిడ సంచిలోనే మిగిలిపోయాయి.

పండగనాడు చీకటి పడుతుండగా, ఆగి ఉన్న వ్యాను వెనక నుంచి నల్ల అంగీ, తెల్ల ముసుగు వేసుకున్న చిన్న ఆకారం రోడ్డు మీదికి దూకింది. అవతల నుంచి కారు వస్తోంది. ఆర్లీన్ నోరు తెరిచింది. ఏ పేరు పెట్టి పిలవాలి?

"ఆగు!" అని అరిచింది. ఆగలేదు. "డెస్మండ్! ఒడెట్! నోలన్!" నోటికొచ్చిన పేరల్లా పిలిచింది. ఒక్కటీ తగల్లేదు.

కారు కీచుమంటూ జానెడు దూరంలో ఆగింది. ఆ బిడ్డ బెదరనైనా లేదు. డ్రైవరు కిటికీ దగ్గరికెళ్లి, సంచి తెరిచి, "ట్రిక్ ఆర్ ట్రీట్!" అని మిఠాయి అడిగి, ఏమీ రాకపోయేసరికి అవతలి గుంపులోకి దూరిపోయింది. ఆ గుంపు నిండా తెల్ల ముసుగులే.

మర్నాడు పొద్దున ఆర్లీన్ పిల్లల్ని నిలబెట్టి అడిగింది. "నిన్న కారు ముందుకు దూకిందెవరు? తిట్టను, చెప్పండి."

ఏడు చేతులు లేచాయి.

"నేనే మిస్!"

"కోతలు కొయ్యకురా, నేను మిస్!"

ఏడుగురి మొహాల్లోనూ గర్వమే. ఆర్లీన్‌కు ఏడుపొచ్చింది. పలక ఎత్తి కార్లు ఆపి, ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని దాటించడం మొదలుపెట్టింది. వెనకవాళ్లు ఆలస్యమవుతోందని గోలపెడుతున్నా వినలేదు.