అత్త పడవకు సెల్ఫు

ఆ రోజుల్లో మా చెరువులో నీళ్లుండటమే ఒక వింత. కాలువ వచ్చి నింపేదాకా అందులో మేకలు మేసేవి, మేం క్రికెట్ ఆడేవాళ్లం (పిచ్ భలేగా ఉండేది). నీళ్లు చేరిన ఏడాదే మా మేనత్త చేపపిల్లలు వదిలి, మంగళూరు వైపు నుంచి ఒక పాత పడవ, దానికో చిన్న ఇంజిను తెప్పించింది. ఎవరూ నేర్పకుండానే నడపడం నేర్చుకుంది. నేనప్పుడు కళ్యాణదుర్గంలో ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపులో కుదిరాను. నేర్చుకున్న పని తక్కువ, అంతా వచ్చేసిందన్న నమ్మకం ఎక్కువ.

అంతలో అత్త స్కూటీ మీద నుంచి పడింది. కుడి భుజం జారింది. ఆ చేత్తో ఇక బలంగా ఏదీ లాగకూడదన్నాడు డాక్టరు. ఇంజిన్ చూస్తే తాడు లాగితే తప్ప స్టార్టు కాదు. పడవ అమ్మేయమని ఊరంతా చెప్పింది, మామ కూడా తలూపాడు. అత్త మాత్రం చెయ్యి కట్టులో పెట్టుకునే బస్సెక్కి మా షాపుకు వచ్చింది.

“తాడు లాగేకి కదా కుడి చెయ్యి కావాల్సింది? నడిపేకి ఎడమ చెయ్యి సాలు. ఆ తాడు తీసేయండి,” అంది.

మా ఓనరును అందరూ బ్యాటరీ చాచా అనేవాళ్లు. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, “ఏమమ్మా, ఈడికి బోరు మోటార్లు తెస్తారు గానీ, పడవ మోటారు అడిగినోళ్లు నువ్వే మొదలు,” అని నవ్వాడు. నేను ఆగలేక, “అదెంత పని చాచా, ఆటోకు సెల్ఫు పెట్టినట్టే!” అన్నాను (ఆటోకు కూడా నేనొక్కడినే పెట్టిన పాపాన పోలేదు).

అదృష్టం కొద్దీ ఆ ఇంజినుకు సెల్ఫు మోటారు బిగించే చోటూ, లోపలి పళ్ల చక్రమూ ముందే ఉన్నాయి. లేనిది మోటారే. చాచా బెంగళూరు పాత సామాన్ల బజారంతా తిరిగి దాన్ని పట్టుకొచ్చాడు. పడవలో బ్యాటరీ పెట్టె అమర్చి, అత్త కూర్చునే మధ్య పలక దాకా వైర్లు లాగాం. పలక పక్కన స్టార్టు చేయడానికి పచ్చ బటను, ఆపడానికి ఎర్ర బటను. ఆమె వెనక్కి తిరగకుండానే నడపడానికి ఇంజిన్ పిడికి ఒక పైపు తొడిగి పొడవు పెంచాం.

ట్రయలు చూడ్డానికి ఊరంతా చెరువు కట్ట ఎక్కింది. అత్త పలక మీద కూర్చుంది. మొదటి నొక్కుడు నాదేనని పట్టుబట్టి, నేను పడవలో నిలబడి, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, దర్జాగా వంగి పచ్చ బటను నొక్కాను. గేరు పడి ఉందేమో చూసుకోవాలని తోచలేదు. ఇంజిన్ వెంటనే అందుకుంది. పడవ ముందుకు దూకింది. నేను ఉన్నచోటే ఉండిపోయాను, అంటే నీళ్లలో.

నడుము లోతు బురదలో లేచి చూస్తే అత్త ఒక్కతే దూసుకుపోతోంది. ఎదురుగా మునిగిన సీమతుమ్మ చెట్లు, ముళ్ల కొమ్మలు నీళ్ల పైకి పొడుచుకుని ఉన్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. “అత్తా, ఎర్రది నొక్కు!” అని అరిచాను. దేంతో నొక్కుతుంది? కుడి చెయ్యి కట్టులో ఉంది, ఎడమ చెయ్యి పైపు మీద ఉంది, వదిలితే చెట్లే. ఆమె అరవలేదు, వెనక్కి చూడలేదు. రెండు చెట్ల సందులోంచి పడవను దూర్చి, పెద్ద చుట్టు తిప్పి, నా పక్కకు వస్తూనే మోకాలితో ఎర్ర బటను నొక్కింది.

“ఏమల్లుడా, ఎక్కుతావా, నడిచొస్తావా?”

కట్ట మీద చాచా చప్పట్లు కొడుతున్నాడు. “ఒక్క నొక్కుకే అందుకునింది కదప్పా!”

గేరులో ఉంటే స్టార్టు కాకుండా మర్నాడే ఆయన ఇంకో స్విచ్చు పెట్టాడు. అత్త చాలా ఏళ్లు ఆ పడవ మీదే చేపలు పట్టింది.

పోయిన నెల వెళ్తే చెరువు ఎండిపోయి ఉంది. పడవ బోర్లా పడుకుంది. ఇంజిన్ మాత్రం బ్యాటరీ, బటన్లతో సహా పెరట్లో నీళ్ల డ్రమ్ము అంచుకు తగిలించి ఉంది.

“ఊరికే పెడితే బిగుసుకుపోతాది. అప్పుడప్పుడు నీళ్లు చూపియ్యాల,” అని అత్త బటను నొక్కింది. డ్రమ్ము గర్జించి, నా ఇస్త్రీ చొక్కా మీద నీళ్లు కుమ్మరించింది. “పోదామా అల్లుడా?” అంది ఆమె నవ్వుతూ.

సొంత షాపూ, బట్టతలా, పొట్టా ఉన్నవాణ్ని. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

“పద అత్తా,” అన్నాను.