పద్మ ఇంకా కడుతున్న నా టాక్స్

వినుకొండలో సర్కారు బడి మాస్టారిని నేను. పన్నెండు లక్షల లోపు ఆదాయానికి రిబేటు వచ్చాక నా జీతంలో టాక్స్ కోత పూర్తిగా ఆగిపోయింది. నెలకు దాదాపు నాలుగు వేలు ఎక్కువగా చేతికొస్తున్నాయి. ఈ సంగతి మా ఆవిడ పద్మకు చెప్పలేదు. ఇంటి ఖర్చుకు పాత లెక్క ప్రకారమే ఇస్తున్నాను. చూపు తగ్గింది, కళ్లజోడు మార్పించమని ఆమె అడిగితే, "జీతమంతా టాక్స్‌కే పోతోంది గదా, తర్వాత చూద్దాం" అన్నాను. పాత కళ్లజోడు విరిగిన కాడకు దారం చుట్టుకుని ఊరుకుంది.

ఈ సాయంత్రం పక్కింటి రమణమ్మ గారు వచ్చారు. వాళ్లాయనా మా బళ్లోనే మాస్టారు.

"ఏమే పద్మా, ఈ ఏడు మా ఆయనకు టాక్స్ రూపాయి కూడా కట్ చేయలేదే. ఆ డబ్బులతో కుట్టుమిషను కొనిచ్చాడు. మీ ఆయన నీకేం కొన్నాడు?"

లోపలి గదిలో ఉన్న నాకు ఆ మాట వినబడింది.

"మాకెక్కడిది అక్కా! మా ఆయన సీనియర్ గదా, జీతం చానా ఎక్కువ. ఆయనకు ఇంకా కట్ అవుద్ది" అంది పద్మ, కాస్త గర్వంగానే. ఆ దారం కట్టిన కళ్లజోడు సర్దుకుని నా గది వైపు తిరిగింది. "అంతేగా అండీ?"

"ఆఁ, అంతే" అన్నాను.

ఆ నాలుగు వేలూ నా కొత్త ఫోన్ కిస్తీకి పోతున్నాయి. ఈ పోస్టు రాస్తున్నదీ ఆ ఫోన్లోనే. నిజం ఎక్కడ మొదలుపెట్టాలో పెళ్లయినవాళ్లెవరైనా కింద రాయండి. పద్మ చదువుతుందేమోనని మొహమాటపడకండి. ఆ కళ్లజోడుతో ఇంత చిన్న అక్షరాలు ఆమెకు ఆనవు.