రిపోర్టులో నేను రాసిన క్రియ

అమెరికాలోని నోవైలో వర్క్ పర్మిట్ చేతికొచ్చాక నేను చేసిన మొదటి ఉద్యోగం ఒక డేకేర్‌లో. నాలుగేళ్ల పిల్లల గదిలో అసిస్టెంట్‌ని. కోట్లు తొడగడం, చేతులు కడిగించడం, మధ్యాహ్నం నిద్రపుచ్చడం నా పనులు. మా గది లీడ్ టీచర్ అరవై దాటిన అమెరికన్ ఆవిడ. కాలేజీ చదువంతా ఇంగ్లీషు మీడియమే కాబట్టి భాషతో నాకు ఇబ్బంది ఉండదనే అనుకున్నాను.

అక్కడ ఆటస్థలం నుంచి బిల్డింగ్‌లోకి రావాలంటే పార్కింగ్ పక్కగా నడవాలి. మంచు ఎత్తి పోసిన గుట్టలు ఆ దారి పొడవునా ఉండేవి. ఆ రోజు లీడ్ టీచర్ వరస ముందు నడుస్తోంది, నేను చివర ఉన్నాను. మా గదిలో ఉన్న ఒకే ఒక తెలుగు పాప నా ముందే ఉంది. వాళ్లమ్మ కారులాంటి బూడిదరంగు కారు పార్కింగ్‌లోకి తిరగడం చూసి, "అమ్మ!" అని అరుస్తూ పరుగెత్తింది. మంచుగుట్ట అడ్డంగా ఉండటంతో ఆ డ్రైవర్‌కి పాప కనబడలేదు. నేను ఒక్క అంగలో వెళ్లి మణికట్టు దొరకబుచ్చుకుని వెనక్కి లాగాను. కారు మమ్మల్ని దాటాక బ్రేకు చప్పుడు వినిపించింది.

పాప ఏడుపు ఆపలేదు. లోపలికి వచ్చాక కుడి చెయ్యి పైకెత్తమంటే ఎత్తలేదు. వాళ్లమ్మకి ఫోన్ చేసి, చెయ్యి ఎత్తడం లేదని మాత్రం చెప్పాం. ఆమె వచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. మోచేతి కీలు కొంచెం జారిందట. డాక్టర్ చెయ్యి మెల్లగా తిప్పి, క్షణంలో సరిచేశాడట.

ఇలాంటిది జరిగినప్పుడు చూసిన మనిషే రిపోర్టు రాయాలి. దాని కాపీ ఒకటి పిల్లల ఇంటికి వెళ్తుంది. కారు సంగతి రాస్తే తల్లి హడలిపోతుందని అది వదిలేసి ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాను: పాప పార్కింగ్‌లోకి పరుగెత్తింది, నేను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. పట్టుకున్నానన్న చోట 'గ్రాబ్డ్' అని రాశాను.

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ నన్ను తన గదికి పిలిచింది. నాకంటే చిన్నది, నెమ్మదస్తురాలు.

"తల్లి ఫోన్ చేసింది. మీ స్టాఫ్ పిల్లల్ని గ్రాబ్ చేస్తారా అని అడిగింది" అంది. "డాక్టర్ దాకా వెళ్లింది కాబట్టి ఈ కాగితం మన డేకేర్‌కి అనుమతిచ్చే లైసెన్సింగ్ ఆఫీసుకి పంపాలి. వాళ్ల కళ్లు ముందు ఈ మాట మీదే పడతాయి. ఇంగ్లీష్ మీ మొదటి భాష కాదుగా. మీ ఉద్దేశం అది కాకపోతే మార్చి రాయండి."

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక లీడ్ టీచర్‌ని అడిగాను, ఆ మాటలో అంత తప్పేముందని. ఆవిడ నా పక్కన ఉన్న చిన్న కుర్చీలో కూర్చుంది.

"చెయ్యి ఇలా ఇవ్వు" అంది.

నా మణికట్టు మీద వేళ్లు వేసి ఊరికే ఉంచింది. "ఇది హోల్డ్." కొంచెం బిగించింది. "గ్రిప్." నా చెయ్యి వదిలి, జారిపోతున్న దాన్ని అందుకున్నట్టు కింద నుంచి పట్టింది. "క్యాచ్." నా చేతిలో పెన్ను ఉంది. నేను చూసేలోపే అది ఆవిడ చేతిలోకి పోయింది. "స్నాచ్. ఇది మన గదిలో పిల్లలు రోజూ చేసేదే." తర్వాత చెప్పకుండా నా మణికట్టు గబుక్కున పట్టుకుంది. నేను ఉలిక్కిపడ్డాను.

"ఇదీ గ్రాబ్" అంది.

తెలుగులో అయితే ఇవన్నీ పట్టుకోవడమే కదా అనుకున్నాను మొదట. కాదు. లాక్కోవడం వేరు, గుంజుకోవడం వేరు, ఒడిసిపట్టుకోవడం వేరు. మనకూ ఉన్నాయి. ఆవిడ చూపించిన వాటిలో నేను ముందురోజు చేసింది ఏదో నా చేతికి బాగా తెలుసు. హోల్డ్ కాదు.

డైరెక్టర్ దగ్గరికి వెళ్లి, "మాట మార్చను. నేను చేసింది అదే. కారు సంగతి రాయకపోవడం నా తప్పు, అది రాస్తాను" అన్నాను. ఆమె కొత్త కాగితం ఇచ్చింది. కారు ఎటు నుంచి వచ్చిందో, ఎంత దగ్గరికి వచ్చిందో రాశాను. బ్రేకు చప్పుడు విన్నానని లీడ్ టీచర్ కింద సంతకం చేసింది.

ఆ సాయంత్రం పాప వాళ్లమ్మ వచ్చింది. పాపను ఆ రోజు ఇంట్లోనే ఉంచారట, తనొక్కతే వచ్చింది. కొత్త రిపోర్టు ఇంకా ఆమెకి అందలేదు.

"అక్కా, ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. అల్లరి చేసిందని చెయ్యి పట్టి గుంజిన్రా?"

"లేదండీ. కార్ వస్తోందని లాగాను. గట్టిగానే లాగాను."

"ఏ కార్?"

చెప్పాను. ఎంత దగ్గరికి వచ్చిందని అడిగింది. రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాను. ఆమె నా చేతుల మధ్య ఖాళీని చూస్తూ పిల్లల కుర్చీలో కూలబడింది.

"మీటింగ్ మధ్యల చదివిన ఆ రిపోర్ట్. ఒక్క గ్రాబ్డ్ అన్నదే కనబడ్డది నాకు. కార్ గురించి ఎందుకు రాయలేదు మీరు?"

"మీరు భయపడతారని."

"ఇప్పుడు భయపడతలేనా?" అంది. కళ్లు తుడుచుకుంది. లేచి, "ఇంకోసారి ఏమన్నయితే ముందు నాకు కాల్ చేసి మొత్తం చెప్పండి. పేపర్ తర్వాత" అంది. నా మీద కోపం పోయిందో లేదో నాకు తెలియలేదు.

కొన్ని వారాలకు లైసెన్సింగ్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నా మీద చర్య ఏమీ లేదు. పార్కింగ్ పక్కన నడిచేటప్పుడు పిల్లలందరూ పట్టుకునేలా పొడవాటి తాడు వాడమన్నారు. డైరెక్టర్ ఎర్ర తాడు ఒకటి కొనుక్కొచ్చింది.

పాప మాత్రం డేకేర్‌కి తిరిగొచ్చాక చాలా రోజులు నాకు కుడి చెయ్యి ఇవ్వలేదు. కోటు తొడగబోతే ఎడమ చెయ్యి చాచి, కుడి స్లీవ్ తనే తంటాలుపడి ఎక్కించుకునేది. నేను తొందరపెట్టకుండా పక్కన మోకాళ్ల మీద కూర్చునేదాన్ని.