రాయప్ప మీసం, బిషప్‌గారి పూజ

భీమడోలుకు అవతల, కొల్లేటి ఒడ్డు పల్లెలో రాయప్ప మీసం ఎరగని మనిషి లేడు. ఆముదం రాసి, కొనలు మెలేసి, చెవుల దిక్కుకు తిప్పి మరీ పెంచాడు. ఆదివారం పూజలో ఫాదరుగారికి సాయం చేసేది అతనే. ఎర్ర అంగీ, దాని మీద తెల్ల పైచొక్కా తొడుక్కుని, పీఠం ముందు మోకరిల్లి లాటిన్‌లో జవాబులు చెబుతుంటే ఒక్కో మాటకీ ఆ కొనలు ఎగిరెగిరి పడేవి. వెనకనున్న పిల్లలకి పూజంతా అదే వేడుక.

పంతొమ్మిది వందల ముప్పై ఆరులో ఇటలీ నుంచి కొత్త ఫాదరుగారు వచ్చారు. బిషప్‌గారు రాబోతున్నారని, పీఠం దగ్గర నిలబడేవాళ్లకు కట్టుదిట్టాలు పెట్టారు. కాళ్లకు పొలం బురద ఉండకూడదు. గోళ్లు తీసుకోవాలి. తలనూనె అంగీ మెడకు అంటకూడదు. అన్నిటికీ రాయప్ప తలూపాడు.

"మీసము కూడా తీయవలెను, రాయప్పా," అన్నారు ఫాదరుగారు, బొడ్డు దాకా దిగిన తన గడ్డం నిమురుకుంటూ.

చూశారా న్యాయం! అయినా దొరతో వాదించడానికి రాయప్పకు నోరెక్కడిది? బిషప్‌గారి ముందు ధూపం ఊపాలని ప్రాణం కొట్టుకుంటోంది.

చిక్కల్లా తండ్రి శౌరయ్యతో. జ్ఞానస్నానం ఏనాడో పుచ్చుకున్నా, తండ్రి పోతేనే కొడుకు మీసం తీయాలన్న పట్టింపు ఆ ముసలాయన్ని వదల్లేదు.

"నేను బతికుండగా మీసం తీశావంటే నా గడప తొక్కకు!" అని తేల్చేశాడు.

రాయప్పకు అన్నం సయించలేదు. చివరికి పూజ ముందురోజు ఎవరికీ చెప్పకుండా భీమడోలు వెళ్లి, మంగలి సత్తిబాబు ముందు కూర్చుని, మీసం తీసెయ్యమన్నాడు.

"అయ్యయ్యో! పెద్దాయన ఎప్పుడు పోయారండీ?" అంటూనే సత్తిబాబు మూతినిండా సబ్బు పులిమాడు. పెదవి మీద కత్తి ఉండగా ఎవడు నోరు తెరుస్తాడు? పైగా కంట్లో సబ్బు పడి నీళ్లు కారాయి. అది చూసి సత్తిబాబూ ఏడ్చాడు. అక్కడున్నవాళ్లు కబురు మోసుకుని ఊరికి బయల్దేరారు.

రాయప్ప పరుగున వచ్చేసరికి ఇంటి ముందు జనం. శౌరయ్యతో ఏళ్ల తరబడి మాటల్లేని వెంకటనరసమ్మ అరుగు మీద గుండెలు బాదుకుంటోంది.

"మారాజండీ! నోటిదురుసు నాదేగానీ ఆయనది కాదండీ!"

రైతు సూర్యప్రకాశరావుగారు కండువాతో కళ్లొత్తుకుంటున్నారు. "శౌరయ్య గట్టు మీదుంటే నేను చేను వైపు తిరిగి చూసేవాణ్ణి కాదు. అంత నమ్మకం."

"మావయ్యగారు లోపల నిద్రపోతున్నారండీ," అని కోడలు పుష్పమ్మ మొత్తుకుంటుంటే, పాపం మతి చలించిందనుకుని ఇంకా గట్టిగా ఏడ్చారు.

శౌరయ్యకు మెలకువ వచ్చి చాలాసేపే అయింది. తలుపు చాటున నిలబడి అంతా వింటున్నాడు. దొడ్డిదారిన వచ్చి, గడప తొక్కకుండా ఆగిపోయిన కొడుకుని చూసి వేలు పెదవి మీద పెట్టుకున్నాడు.

"ఉండ్రా, ఇంకా మన పక్కింటి ఏడుకొండలు మాట్లాడలేదు!"

ఏడుకొండలు పొగడ్త కూడా పూర్తయ్యాక శౌరయ్య వీధిలోకి వెళ్లాడు. వెంకటనరసమ్మ కెవ్వుమంది, ఆ వెంటనే తిట్లందుకుంది.

జనం పోయాక శౌరయ్య దొడ్డిగుమ్మం దగ్గరికొచ్చి, కొడుకు నున్నటి మూతిని తేరిపార చూశాడు.

"లోపలికి రారా. పీఠం దగ్గరుంటే మళ్లీ పెంచలేవుగా, నేను నిజంగా పోయిన రోజున తీయడానికి నీకు మీసం ఉండదు. ఆ రోజు కాస్త ఏడువు. నాకంతే చాలు."

రాయప్ప అక్కడికక్కడే బావురుమన్నాడు.

"ఇప్పుడు కాదురా వెధవా! రేపు బిషప్‌గారి ముందు ఉబ్బిన మొహంతో నిలబడతావా? పోయి మొహం కడుక్కో!"